గిటార్ సార్ దగ్గరా, సెల్‌ఫోన్ దగ్గరా?

గిటార్ కొన్నవాళ్ళలో చాలామంది గిటార్ వాయించరు. గిట్టనివాళ్ళు అన్న మాట కాదిది, అమ్ముకునేవాళ్ళే ఒప్పుకున్నది. అమెరికాలోని ఫెండర్ కంపెనీకి అధిపతిగా ఉన్న రోజుల్లో ఆండీ మూనీ, కొత్తగా గిటార్ కొన్నవాళ్ళలో దాదాపు 90 శాతం మంది ఏడాది తిరక్కుండానే పక్కన పడేస్తున్నారని పత్రికలవాళ్ళకు చెప్పాడు. 2017లో ఆ కంపెనీ ‘ఫెండర్ ప్లే’ పేరుతో వీడియో పాఠాలు మొదలుపెట్టడం వెనక ఉన్నదీ ఈ లెక్కే. మానకుండా నిలబడ్డవాడు రేపు ఇంకో గిటార్ కొంటాడు, యాంప్లిఫయర్ కొంటాడు. మన ఇళ్ళలోనూ అటకెక్కిన గిటార్లకు కొదవ లేదు. బీటెక్ మొదటి సంవత్సరంలో ముచ్చటపడి కొన్నది నల్లటి జిప్పు కవరులో, తుప్పుపట్టిన తీగలతో, బీరువా మీద సూట్‌కేసు పక్కన పడి ఉంటుంది.

అంచేత సార్ దగ్గర చేరాలా, సొంతంగా నేర్చుకోవాలా అన్న వాదనను ముందు ఇక్కడ పెట్టి చూడాలి. ఎవరు గొప్ప విద్వాంసులవుతారన్నది తర్వాతి సంగతి. ఏడాది గడిచాక కూడా ఎవరి చేతిలో గిటార్ ఉంటుందన్నది మొదటి సంగతి. ఇళ్ళలో మాత్రం చర్చ ఇలా సాగదు. “అకాడమీలో చేర్పిస్తాన్రా” అని తండ్రి, “యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి నాన్నా, డబ్బులు దండగ” అని కొడుకు. ఇద్దరూ డబ్బు గురించే మాట్లాడుకుంటారు. మామూలు గిటార్ ఒకటి కొన్న ఖర్చు కంటే ఏడాది ఫీజే ఎక్కువవుతుంది కాబట్టి కొడుకు వాదనలో పస లేకపోలేదు.

సొంతంగా నేర్చుకోవడం మేలనే పక్షానికి ఉన్న సాక్షులు మామూలువాళ్ళు కాదు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ పదిహేనేళ్ళ వయసులో 5 డాలర్ల పాత గిటార్‌తో మొదలుపెట్టాడు. ఎడమచేతివాటం మనిషి కావడంతో కుడిచేతివాళ్ళ గిటార్‌ను తిరగేసి, తీగలు మార్చి బిగించుకుని వాయించాడు. స్వరలిపి చదవడం ఆయనకు రాదు. జాజ్ వాద్యకారుడు వెస్ మాంట్‌గొమరీకీ రాదు. ఇరవయ్యో పడి అంచున జాజ్ గిటారిస్టు చార్లీ క్రిస్టియన్ రికార్డు విని, ఆ స్వరాలన్నీ ఒక్కొక్కటిగా చెవితో పట్టుకున్నాడు. పిక్ వదిలేసి బొటనవేలితో మీటడానికి కారణం, రాత్రిపూట సాధన చప్పుడుకు ఇరుగుపొరుగు విసుక్కోవడమేనని చెబుతారు. ఇవాళ జాజ్ వినేవాళ్ళు ఆయన్ను పోల్చుకునేది ఆ మెత్తటి నాదంతోనే. ఈ చర్చ ఎక్కడ జరిగినా మనవాళ్ళు ఏకలవ్యుణ్ణి తీసుకురాకుండా ఉండరు. తెచ్చేవాళ్ళు ఒక్క విషయం గుర్తుపెట్టుకోవాలి: ఏకలవ్యుడికి పోయింది బొటనవేలు, మాంట్‌గొమరీకి అన్నం పెట్టింది బొటనవేలు.

ఈ సాక్షుల్ని కాస్త అడ్డసవాలు చేస్తే కథ మారుతుంది. హెండ్రిక్స్ పేరు లోకానికి తెలియక ముందు ఐస్లీ బ్రదర్స్ బృందం వెనక, గాయకుడు లిటిల్ రిచర్డ్ వెనక పక్కవాద్యం వాయిస్తూ ఊళ్ళు తిరిగాడు. అక్కడ లయ తప్పితే ఊరుకునేవాళ్ళు లేరు. మాంట్‌గొమరీకి మొదట దొరికిన పని, వేదిక మీద చార్లీ క్రిస్టియన్ సోలోలను ఉన్నవి ఉన్నట్టు వాయించడం. అంటే ఆయన పరీక్ష రోజూ రాత్రి శ్రోతల ముందే జరిగేది. తర్వాత బీటిల్స్‌గా పేరుపొందిన పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ లివర్‌పూల్‌లో కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు ఎవరికో బి7 అనే కార్డ్ (ఒకేసారి మోగే స్వరాల కూర్పు) తెలుసని విని, బస్సెక్కి ఊరికి ఆ చివరకు వెళ్ళి నేర్చుకొచ్చారు. మెకార్ట్‌నీ ఈ సంగతి చాలాసార్లు చెప్పాడు. ఆ తరం బ్రిటన్ కుర్రాళ్ళ చేతుల్లో బెర్ట్ వీడన్ రాసిన ‘ప్లే ఇన్ ఎ డే’ అనే పుస్తకం కూడా ఉండేది; 1957లో వచ్చింది. అంటే ‘సొంతంగా’ అన్నవాళ్ళకు లేనిది జీతం పుచ్చుకునే మాస్టారు మాత్రమే. తప్పు చెప్పేవాళ్ళు, పక్కన వాయించేవాళ్ళు, తమకన్నా నాలుగు కార్డ్స్ ఎక్కువ వచ్చినవాళ్ళు చుట్టూ ఉన్నారు. గదిలో తలుపేసుకుని ఫోన్ ముందు కూర్చున్న కుర్రాడికి వీళ్ళెవరూ లేరు. హెండ్రిక్స్‌తో పోల్చుకునే ముందు ఈ తేడా చూసుకోవాలి.

హారిసన్ సంగతే ఇంకొంచెం చెప్పాలి. గిటార్ స్నేహితులతో కలిసి నేర్చుకున్న మనిషి, సితార్ దగ్గరకు వచ్చేసరికి రవిశంకర్ శిష్యుడయ్యాడు. 1966లో భారతదేశం వచ్చి వారాల తరబడి కూర్చున్నాడు. తొలి పాఠాల్లోనే ఫోన్ మోగిందని సితార్ మీద నుంచి కాలు దాటించి లేవబోతే రవిశంకర్ కాలి మీద ఒక్కటిచ్చారని ఆయనే చెప్పుకున్నాడు. చివరికి తాను సితార్ విద్వాంసుణ్ణి కాలేనని తెలుసుకుని గిటార్‌కే తిరిగొచ్చాడు. గురువు వల్ల ఇదీ ఒక లాభమే: మన స్థాయి ఎంతో త్వరగా తెలిసిపోతుంది.

గురువు ఇచ్చేది ఏమిటన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి జవాబు పాలకొల్లులో ఉంది. వాద్యం గిటార్ కాదు, మాండలిన్. ఇదీ మెడ మీద ఫ్రెట్లు (అడ్డంగా లోహపు గీతలు) ఉన్న పరాయి వాద్యమే. 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ళ వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండలిన్ చేతికి తీసుకున్నాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు పిల్లవాడి వాటం చూసి నేర్పడానికి పూనుకున్నారు. సుబ్బరాజు గారు కర్ణాటక గాయకుడు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పగలిగినవాళ్ళు ఆ గదిలో లేరు, ఎందుకంటే మాండలిన్ మీద కర్ణాటక సంగీతానికి అప్పటికి దారే లేదు. గమకం కోసం ఆ దారి పిల్లవాడే వేసుకోవాల్సి వచ్చింది. తర్వాత ఎనిమిది తీగల మామూలు మాండలిన్ వదిలి, అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్‌కు మారడం కూడా ఆ వెతుకులాటలో భాగమే. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. మరి శ్రీనివాస్‌ది గురుముఖతః వచ్చిన విద్యా, స్వయంకృషా? చేతుల వరకు స్వయంకృషి, చెవి వరకు గురువు. రాగం పలికిందా లేదా అని చెప్పే మనిషి ఎదురుగా ఉన్నాడు, అది చాలింది.

గిటార్‌లోనే ఇలాంటి కథ ఇంకొకటుంది. పడుకోబెట్టి వాయించే స్లైడ్ గిటార్‌ను హిందుస్తానీ కచేరీకి తెచ్చిన బ్రిజ్ భూషణ్ కాబ్రా నేర్చుకున్నది సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ దగ్గర. 1967 నాటి ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డులో వినిపించే గిటార్ ఆయనదే. అక్కడా గురువు వాద్యం వేరు, శిష్యుడి వాద్యం వేరు.

అయితే ఇవి అసాధారణ మనుషుల కథలు. మామూలువాళ్ళకు చేతుల దగ్గరే చిక్కు వస్తుంది. గిటార్ మొదలుపెట్టిన ప్రతివాడూ రెండు మూడు నెలల్లో ఎఫ్ కార్డ్ దగ్గరకు వచ్చి ఆగుతాడు. చూపుడువేలిని మొదటి ఫ్రెట్ దగ్గర ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి, మిగిలిన మూడు వేళ్ళతో మూడు తీగలు నొక్కాలి. సొంతంగా నేర్చుకునేవాడు బలమంతా పెట్టి నొక్కుతాడు. బొటనవేలు మెడ వెనక నుంచి పైకి పాకుతుంది, మణికట్టు లోపలికి మడుస్తుంది, అయినా రెండు తీగలు ‘టక్కు టక్కు’మంటాయి తప్ప పలకవు. వారం తర్వాత చెయ్యి నొప్పి, నెల తర్వాత విరక్తి.

మంచి మాస్టారు ఇక్కడ చేసేది చూడండి. ముందు ఆ కార్డ్‌ను అయిదో ఫ్రెట్‌కు జరపమంటాడు. చేతి ఆకారం అదే, కాకపోతే అది ఎ కార్డ్ అవుతుంది. నట్‌కు (మెడ చివర తీగలు ఆనే పట్టీకి) దూరం కాబట్టి తీగ తేలిగ్గా లొంగుతుంది. తర్వాత ఒక లెక్క చెబుతాడు: ఆరు తీగల్లో మూడింటిని మిగతా వేళ్ళు నొక్కుతున్నాయి కదా, చూపుడువేలు గట్టిగా పట్టాల్సింది ఆరోది, రెండోది, ఒకటోది మాత్రమే. ఆ వేలిని బల్లపరుపుగా కాకుండా కాస్త పక్కకు దొర్లించమంటాడు. మోచెయ్యి ఒంటి దగ్గరకు తెమ్మంటాడు. ఆపైన ఒక్కొక్క ఫ్రెట్ కిందికి దింపుకుంటూ మొదటి దానికి తీసుకొస్తాడు. ఇంకా పలకకపోతే గిటార్ తన చేతిలోకి తీసుకుని, తీగలకూ ఫ్రెట్లకూ మధ్య ఎత్తు చూసి, “ఇది నీ తప్పు కాదమ్మా, దీని యాక్షన్ ఎక్కువుంది, షాపులో సరిచేయించు” అంటాడు. ఈ ఒక్క మాటకు ఆ నెల ఫీజు చెల్లిపోయినట్టే. తప్పు చేతిదో గిటార్‌దో తెలియక మానేసినవాళ్ళు తక్కువమంది కాదు.

కుడిచేతి సంగతి ఇంతకన్నా మోసం. సి నుంచి జి కార్డ్‌కు మారేటప్పుడు ఎడమచేతి వేళ్ళు సర్దుకునేదాకా కుడిచెయ్యి ఆగుతుంది. ఆగినట్టు వాయించేవాడికి తెలియదు. అతని మనసులో పాట నడుస్తూనే ఉంటుంది. వినేవాళ్ళకు మాత్రం ప్రతి నాలుగు మాత్రలకూ ఒక గుంట. మాస్టారు పక్కన కూర్చుని తొడ మీద తాళం వేస్తూ “కార్డ్ తప్పినా ఫరవాలేదు, చెయ్యి ఆపొద్దు” అని వారం రోజులు పోరితే పోయే జబ్బు ఇది. మాస్టారు లేనివాళ్ళకు ఏళ్ళ తరబడి ఉండిపోతుంది.

ఇంతవరకు చెప్పింది మంచి మాస్టారి గురించి. మన ఊళ్ళలో ఆ పేరుతో దొరికేదంతా అదే అనుకుంటే పొరపాటు. అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో సాయంత్రం క్లాసులో ఎనిమిది మంది పిల్లలు, ఒక్క సార్. ఎనిమిది గిటార్లు శ్రుతి చేసేసరికి పావుగంట. మొదటి వారంలోనే ఇంటికెళ్ళి వాయించి చూపించాలి కాబట్టి ఒకే తీగ మీద సినిమా పాట పల్లవి నేర్పుతారు. అమ్మానాన్నలు సంబరపడతారు, ఫీజు నిలబడుతుంది. ఆరు నెలలకు ఆ పిల్లలకు అలాంటి పల్లవులు డజను వస్తాయి, ఒక్క పాటకు తోడుగా కార్డ్స్ వాయించడం రాదు. కర్ణాటక సంగీతంలో మాస్టారు ఎవరైనా సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు అనే మెట్లు మారవు. పాశ్చాత్య క్లాసికల్ గిటార్‌లోనూ కార్కస్సి, సోర్ రాసిన అభ్యాసాలు దాదాపు రెండు వందల ఏళ్ళుగా ఉన్నాయి. సినిమా పాటల గిటార్‌కు అలా అందరూ ఒప్పుకున్న క్రమం లేదు. ఏ సార్ పాఠం ఆ సార్‌దే. ఎవరు దొరుకుతారన్నది లాటరీ.

ఈ లాటరీకి విరుగుడుగా గ్రేడ్ పరీక్షలు వచ్చాయి. లండన్ ట్రినిటీ కాలేజీ, ఏబీఆర్‌ఎస్‌ఎం, రాక్‌స్కూల్ పేర్లు హైదరాబాద్, విశాఖ, విజయవాడ తల్లిదండ్రులకు బాగా పరిచయం. క్రమం కావాలన్నవాళ్ళకు ఇవి మంచివే. ఏబీఆర్‌ఎస్‌ఎంలో అయిదో గ్రేడ్ థియరీ (లేదా దానికి సమానంగా వాళ్ళు ఒప్పుకునే పరీక్ష) గట్టెక్కితే తప్ప ఆరో గ్రేడ్ వాయిద్య పరీక్షకు రానివ్వరు. ఆ పట్టుదల నాకు నచ్చుతుంది. కాకపోతే మన చేతిలో పడ్డాక ఏ పరీక్షయినా ఎంసెట్ అయిపోతుంది. పరీక్షకు పెట్టే మూడు నాలుగు పీసులనే ఏడాది పొడుగునా రుద్ది, సర్టిఫికెట్ ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలిస్తారు. పెళ్ళిలో ఎవరో పాట అందుకుని “కాస్త వాయించమ్మా” అంటే ఆ సర్టిఫికెట్ ఉన్న పిల్ల బిత్తరచూపులు చూస్తుంది. కాగితం లేకుండా వాయించడం ఆమెకు ఎవరూ చెప్పలేదు. అదే పెళ్ళిలో, ఏ క్లాసుకూ వెళ్ళని ఇంజనీరింగ్ కుర్రాడు కాపో (మెడ మీద పెట్టే క్లిప్పు) బిగించి, నాలుగు కార్డ్స్‌తో పది పాటలు నడిపించేస్తాడు.

పరిశోధకులు కూడా ఈ కుర్రాడి మీద దృష్టి పెట్టారు. ఇంగ్లండ్‌లో లూసీ గ్రీన్ 15 నుంచి 50 ఏళ్ళ మధ్య వయసున్న 14 మంది పాప్ వాద్యకారులతో మాట్లాడి, వాళ్ళు ఎలా నేర్చుకున్నారో పుస్తకంగా రాశారు. నచ్చిన రికార్డు పెట్టుకుని చెవితో పట్టుకోవడం, స్నేహితుల దగ్గర చూసి ఎత్తుకోవడం, వినడమూ వాయించడమూ కల్పించడమూ అన్నీ ఒకేసారి చేయడం వాళ్ళ పద్ధతి అని తేల్చారు. ఆ పద్ధతిని తర్వాత అక్కడి బడుల్లోనూ ప్రవేశపెట్టి చూశారు. ఎదుటి పక్షంలో మనస్తత్వవేత్త ఆండర్స్ ఎరిక్సన్ ఉన్నాడు. 1993లో ఆయనా ఆయన సహచరులూ బెర్లిన్ సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన పరిశోధన నుంచే ‘పది వేల గంటలు సాధన చేస్తే చాలు’ అన్న కబురు పుట్టింది. రచయిత మాల్కం గ్లాడ్‌వెల్ 2008లో దాన్ని ఊరూరా చాటాడు. ఎరిక్సన్ చెప్పింది గంటల సంఖ్య గురించి కాదు. లోపం గుర్తించి, దానికి తగ్గ అభ్యాసం గురువు ఏర్పాటు చేసి ఇస్తే జరిగే సాధన గురించి. వచ్చిన పాటనే వందసార్లు వాయించుకోవడం ఆయన లెక్కలో సాధన కిందికి రాదు. ఆ తర్వాత 2014లో మక్నమారా అనే పరిశోధకురాలి బృందం ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి, సంగీతంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో ఇలాంటి సాధన వల్ల వచ్చేది 21 శాతమే అని తేల్చింది. గురువునూ గంటలనూ దేవుణ్ణి చేసేవాళ్ళకు ఈ అంకె చేదు మాత్ర. అలాగని 21 శాతం చిన్నదేమీ కాదు. మిగతావాటిలో పుట్టుకతో వచ్చినవాటిని మనం మార్చలేం, ఇది మన చేతిలో ఉన్న వాటా.

ఇక ఫోన్. దాన్ని తీసిపారేసే రోజులు పోయాయి. టాస్మేనియాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ జస్టిన్ శాండర్‌కో 2003 నుంచి ఉచితంగా పెడుతున్న పాఠాల్లో ఉన్న క్రమం, మన ఊళ్ళలో డబ్బు పుచ్చుకునే చాలామంది దగ్గర లేదు. యూసీషియన్ లాంటి యాప్‌లు మైకు ద్వారా విని స్వరం సరిగ్గా పడిందో లేదో అక్కడికక్కడే చెబుతాయి. శ్రుతి చేయడం రానివాడికి ఫోన్‌లో ట్యూనర్ ఒక వరం. అయితే యూట్యూబ్ చూసి పులుసు పెడితే ఆ వీడియో వచ్చి ఉప్పు చూడదు. స్వరం పడిందని యాప్ పచ్చగుర్తు వేస్తుంది గానీ, దానికోసం మణికట్టు ఎంత మెలితిరిగిందో దానికి తెలియదు. వీడియోలతో ఇంకో చిక్కు, ఎన్నుకునే స్వేచ్ఛ మరీ ఎక్కువ. కష్టమైన చోటు రాగానే పక్కన ఇంకో వీడియో పిలుస్తుంది. జూమ్ పాఠాలు మధ్యేమార్గం: చేతులు చూడగలరు, తప్పు చెప్పగలరు. శబ్దం చేరడంలో జాప్యం వల్ల ఇద్దరూ కలిసి వాయించడం మాత్రం కుదరదు. పైగా జూమ్ లాంటి యాప్‌లు మనిషి గొంతుకు అనువుగా తయారైనవి. తీగ మోగి నిలిచే నాదాన్ని అనవసరపు చప్పుడనుకుని కత్తిరించేస్తాయి. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకోవాలని చాలామందికి తెలియదు.

తెలుగు పాటలు వాయించాలనుకునేవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. ఇంటర్నెట్‌లో మన సినిమా పాటలకు దొరికే కార్డ్స్‌లో తప్పులు కుప్పలు. ఒకరు పెట్టిన తప్పునే పదిమంది ఎత్తి రాస్తారు. ఇళయరాజా బాణీకి నాలుగు కార్డ్స్ అంటించి ఇదే పాట అంటే ఆ పాటకు అన్యాయం. ఆయన బేస్ గిటార్ నడకే వేరే రాగంలా సాగుతుంది. ఈ తప్పుల్ని పట్టేది చెవి ఒక్కటే. ఇళయరాజా దారి కూడా గమనించదగ్గదే: చిన్నతనమంతా అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊళ్ళు తిరుగుతూ వాయించి, చెవి పండాక, మద్రాసు చేరి ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం కూర్చుని నేర్చుకుని, ట్రినిటీ వారి క్లాసికల్ గిటార్ పరీక్ష ప్యాసయ్యాడు. ముందు ఊళ్ళు, తర్వాత మాస్టారు. రాక్ గిటారిస్టు స్టీవ్ వై దారి దీనికి తలకిందులు: పన్నెండేళ్ళప్పుడు గిటారిస్టు జో శాట్రియానీ దగ్గర పాఠాలు, తర్వాత బర్‌క్లీ సంగీత కాలేజీ, ఆపైన రాక్ సంగీతకర్త ఫ్రాంక్ జాపా పాటలను చెవితో విని కాగితం మీద పెట్టే ఉద్యోగం. రెండు దారుల్లోనూ రెండు పనులూ ఉన్నాయి.

కాబట్టి ఎవరికేమిటో తెగేసి చెప్పడమే మంచిది. క్లాసికల్ గిటార్ నేర్చుకోవాలనుకుంటే మాస్టారు తప్పనిసరి. క్లాసికల్ గిటార్ దిగ్గజం సెగోవియా తనకు తానే గురువునూ శిష్యుణ్ణీ అని చెప్పుకున్నాడు నిజమే, అభ్యాస పుస్తకాలున్నా ఆ వాద్యానికి అప్పటికి సరైన బాట లేదు. ఇప్పుడుంది, మళ్ళీ అడవి నరకనక్కర్లేదు. పదేళ్ళలోపు పిల్లలకూ మాస్టారే కావాలి, చేతికి తగ్గ చిన్న సైజు గిటార్ కూడా కావాలి. ఆఫీసు నుంచి వచ్చి పాత పాటలు పాడుకుంటూ కార్డ్స్ వేసుకుందామనే నలభై ఏళ్ళవాళ్ళకు వీడియోలు చాలు, నెలకోసారి ఎవరికైనా వాయించి వినిపించే షరతు మీద. వినేవాళ్ళు లేకపోతే తమ ఫోన్‌లోనే రికార్డు చేసుకుని మర్నాడు వినాలి; లయలో పడ్డ గుంటలన్నీ అందులో బయటపడతాయి. కచేరీ స్థాయికి, స్టూడియో పనికి వెళ్ళాలనుకునేవాళ్ళకు రెండూ కావాలి, బ్యాండ్ కూడా కావాలి.

సార్‌ను వెతికేటప్పుడు ఎంత బాగా వాయిస్తాడో చూడకండి. ఒక క్లాసులో వెనక కూర్చుని, పిల్లల చేతులు ఎన్నిసార్లు సరిచేశాడో చూడండి. ఫీజుకు ఏడాది మొత్తంలో మూడు నెలల డబ్బే ఉంటే, దాన్ని గిటార్ కొన్న రోజు నుంచి మొదటి మూడు నెలలకే ఖర్చుపెట్టండి. “ముందు యూట్యూబ్‌లో కొంత వచ్చాక చేరదాం” అని ఆగితే, మీ మొదటి మూడు నెలల ఫీజూ పాత అలవాట్లు మాన్పించడానికే పోతుంది.